సాయన్న ఇంట సాంచాలాగిన పూట

పదకొండింటికి బీమా ఆఫీసరు వస్తాడు. ఆలోగా ఇంటి కప్పుకు బిగించిన పొగ అలారం నోరు మూయించాలి. ఆ ఉదయం సిరిసిల్ల సాయన్న పెట్టుకున్న పని ఇదొక్కటే. పోయిన ఎండాకాలం పక్క వాడలో నాలుగు మరమగ్గాలు, వాళ్ల మాటలో సాంచాలు, కాలి బూడిదైనప్పటి నుంచి, తన ఇంట్లోని నాలుగింటికీ బీమా చేయించాలని అతడు కంకణం కట్టుకున్నాడు. అలారం సరిగ్గా పనిచేస్తేనే ఆ కాగితం మీద సంతకం పడుతుంది. సాయన్న నేసేది నూలే గానీ, మనిషి మాత్రం అచ్చమైన పట్టు.

అలారానిది పొగ లేకున్నా తగ్గని పొగరు. బిగించి నాలుగు రోజులైంది, నలభై సార్లు కూసింది. మొదటి రోజు అనుమానం పోపు మీదికి పోయింది. పోపు బందు. రెండో రోజు స్నానాల గది ఆవిరి మీదికి. వేడినీళ్లు బందు. మూడో రోజు బ్యాటరీ మార్చాడు. కొత్త బ్యాటరీతో అది మరింత హుషారుగా అరిచింది.

"నాలుగొద్దులాయె, పోపు లేని పప్పు తినబట్టి," అన్నది భార్య సరిత. "మీ అవ్వ గూడ నా మీద గింతగనం మొత్తుకోలే. పీకి అవతల పారెయ్యరాదు!"

"పారేస్తె బీమా ఎట్లస్తదే? ఇయ్యాల అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

"నువ్వు లేకుంటె అచ్చే బీమా వేరే ఉన్నది తియ్యి."

నిచ్చెనెక్కి మూత విప్పితే దొంగ దొరికాడు. లోపలంతా దూది పీచు! సాంచాల నుంచి లేచిన పీచునే అలారం పొగ అనుకుంటోంది. సాయన్న సాంచ తుడిచే కుంచెతో దాన్ని శుభ్రంగా దులిపాడు. మళ్లీ పీచు లేవకుండా సాంచాల స్విచ్చు ఆపేసి, "ఆఫీసరు అచ్చి పోయేదాక ఒక్క సాంచ నడవద్దు" అని చెప్పి తలస్నానానికి వెళ్లాడు. సరిత ఆఫీసరు చాయకు పాలు తేబోయింది.

అక్కడే పోగు తెగింది. ఆ వాడలో కరెంటుండగా పట్టపగలు సాంచాలాగాయంటే, ఆ ఇంట్లో ఎవరో పోయారని లెక్క. మర్యాదకు పక్కింటివాళ్లు ఆపేశారు. వాళ్లను చూసి ఎదురింటివాళ్లు. పది నిమిషాల్లో వాడంతా మూగబోయి, సాయన్న ఇల్లు నిండిపోయింది. చూస్తే అలారం కింద మంచం మీద అతడి తల్లి మొగిలవ్వ, నిండా తెల్ల దుప్పటి. రాత్రంతా మోకాళ్ల నొప్పితో మేలుకున్న ముసలమ్మ, పొద్దున మాత్ర వేసుకుని, ఈగలకు ముఖం కప్పుకుని పడుకుంది. నలభై ఏళ్లు సాంచాల మోతలో నిద్రపోయిన మనిషి, ఏడుపులకు లేస్తుందా?

"అయ్యో మొగిలక్కా! మొన్ననే గద తమలపాకు అడిగితివి, నేను ఇయ్యకపోతినే!" ఎదురింటి గౌరవ్వ రాగం అందుకుంది. కట్టకు కట్ట ఊదుబత్తులు వెలిగించి తలాపున పెట్టింది.

అప్పుడే సాయన్న తడితలతో, తుండుగుడ్డతో, కళ్లలో సబ్బు పడి బొటబొటా నీళ్లు కారుతూ బయటికొచ్చాడు. కర్మకు తయారైన కొడుకంటే అచ్చం అట్లాగే ఉంటాడు.

"ఊకో కొడుకా," గౌరవ్వ వాటేసుకుంది. "నిద్రల పోయింది. గసొంటి సావు ఎవలకు దొరుకుతది!"

"ఎవలిది సావు? ముందుగాల గా ఊదుబత్తులు ఆర్పుండ్రి! మల్ల కూస్తది!"

"పాపం, దుఃఖం తలకెక్కింది," అన్నారెవరో.

కూసింది. మొగిలవ్వ దుప్పటి విసిరికొట్టి లేచి కూర్చుంది. "ఎవలు పోయిండ్రే?"

అందరూ పోయారు. అరనిమిషంలో ఇల్లు ఖాళీ, జనమంతా రోడ్డు మీద. అక్కడే బండి దిగుతున్న బీమా ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. తన బీమా బుగ్గిపాలైందనుకుని సాయన్న తుండుగుడ్డ పట్టుకుని ఉరికొచ్చాడు.

"సార్, అలారం ఖరాబు కాలే సార్..."

"ఖరాబెందుకైతదయ్యా? మోగిన ముప్పై సెకండ్లల్ల ఇల్లంత ఖాళీ! గింత మంచి మాక్ డ్రిల్ నా సర్వీసుల చూడలే."

గౌరవ్వ ఆఫీసరు చెయ్యి పట్టుకుంది. "సారూ, సచ్చిన మా మొగిలక్క గా కూతకు లేసి కూసున్నది!"

ఆఫీసరు సంతకం పెట్టి, 'అలారం పనితీరు' అన్న గడిలో ఇలా రాశాడు: చనిపోయినవారిని సైతం లేపును.