చప్పుడు లేని మిషన్

ఆ ఉదయం శాంతరాజు పెట్టుకున్న పని ఒక్కటే. ఫిల్మ్‌నగర్‌లో తన ఇంటి ముందు రెండు మంచాలు పట్టేంత జాగా ఉంది. అందులో జానెడెత్తు పెరిగిన గడ్డిని కోసెయ్యాలి. నిన్నటి నుంచి అక్కడ సినిమా షూటింగ్ జరుగుతోంది. కూతురు జెరూష ఆ సినిమాకు కొత్త అసిస్టెంట్ డైరెక్టర్. డైరెక్టర్ క్రాంతికుమార్‌ను బతిమాలి మరీ షూటింగ్‌ను తమ ఇంటికి తెచ్చుకుంది. అంతా సవ్యంగా జరిగితే తర్వాతి సినిమాకూ ఉంచుకుంటానని, తేడా వస్తే ఇక రానక్కర్లేదని ఆయన ముందే చెప్పాడు.

"భీమవరంలో మన చుట్టాలంతా చూస్తారు. శాంతరాజు ఇంటి ముందు అడవి పెంచాడంటారు" అన్నాడు భార్య సారాతో.

"అమ్మాయిని ఒక్క మాట అడగండి."

"సర్‌ప్రైజ్!" అన్నాడాయన. పోయిన క్రిస్మస్‌కు ఇలాగే సర్‌ప్రైజ్ అంటూ స్టార్ కట్టబోయి వీధి మొత్తానికి కరెంటు పోగొట్టాడు. సారా దేవుణ్ణి తలుచుకుంది.

షేక్‌పేటలో దుకాణం వీరయ్య గడ్డి కోసే మిషన్లన్నీ బయటికి తీశాడు. "మోటర్ది తీస్కోండి సార్, జర్రున కోస్తది."

"చప్పుడొస్తుందా?"

"మిషనన్నంక చప్పుడు రాదా సార్?"

శాంతరాజు తల అడ్డంగా ఊపాడు. ఈ సినిమాకు మాటలన్నీ అక్కడికక్కడే రికార్డు చేస్తున్నారు. నిన్న సారా పోపు వేసిన పాపానికి ఒక టేక్ పోయింది.

"గట్లయితే గీ చేత్తోని తోసేది కొండవోండి. దీనికి నోరే లేదు. మీ రెక్కలే జర గుంజుతయ్."

ఆయన వచ్చేసరికి యూనిట్ అంతా వీధి చివర వ్యాను దగ్గర టిఫిన్ చేస్తోంది. మిషన్ మాట నిలబెట్టుకుంది. చీమకైనా వినబడకుండా గడ్డి మొత్తం తెగింది. కోసిన గడ్డిని పక్కింటి ఎల్లమ్మ మేకలకు వేసి వచ్చి, చెమట తుడుచుకుని మురిసిపోయాడు.

చేతిలో సగం ఇడ్లీతో జెరూష వచ్చింది. "డాడీ, గడ్డేది?"

"కోసేశానమ్మా. ఎంత నీట్‌గా ఉందో చూడు!"

"నిన్న సీన్‌లో హీరోయిన్ ఉంగరం ఆ గడ్డిలోనే పడింది డాడీ! వెతికి వెతికి ఏడ్చింది. ఇవాళ అదే సీన్ మిగతా సగం తియ్యాలి. షాట్ మారేలోపు గడ్డి మాయమైతే జనం నవ్వరా? నిన్నటిది నిన్నటిలాగే ఉందో లేదో చూసుకోవడమే నా డ్యూటీ!"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

శాంతరాజు పరుగున పోయి మేకల నోటి దగ్గరి గడ్డిని లాక్కొచ్చి మట్టిలో గుచ్చసాగాడు. గడ్డి వెనకే మేకలూ వచ్చాయి. ఆర్ట్ అసిస్టెంట్ తిరుమలేశ్ ప్లాస్టిక్ గడ్డి తెచ్చి పరిచాడు. అది చిలకపచ్చగా మెరిసింది. మేకలు దాన్నీ రుచి చూసి, మొహం తిప్పుకున్నాయి. సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని క్రాంతికుమార్ లోపలికి వచ్చాడు.

"తప్పు నాది సార్. అమ్మాయికేం తెలీదు" అంటూ శాంతరాజు ముందుకొచ్చాడు.

డైరెక్టర్ మేకల్ని చూశాడు, మిషన్‌ను చూశాడు. "అంత గడ్డిలో ఉంగరం ఎలా దొరకాలో తేలక రైటరూ నేనూ తల పట్టుకున్నామండీ. మర్నాడు పొద్దున్నే హీరోయిన్ తండ్రి వచ్చి గడ్డి కోసేస్తే సరిపోతుందిగా! ఆ తండ్రి వేషం మీరే వెయ్యండి. జెరూషా, వచ్చే సినిమాకూ నువ్వుండాలమ్మా."

జెరూష ఏడుపు ఆపకుండానే నవ్వేసింది.

తీరా చూస్తే కొయ్యడానికి గడ్డి లేదు. ప్లాస్టిక్ గడ్డినే కెమెరాకు దూరంగా పరిచి, శాంతరాజు చేత సాయంత్రం దాకా మిషన్ తోయించారు. వీరయ్య చెప్పినట్టే రెక్కలు గుంజాయి. అయినా ఆయన మొహంలో నవ్వు చెరగలేదు.

సినిమా విడుదలైంది. భీమవరం చుట్టాలంతా చూశారు. శాంతరాజు మిషన్ తోస్తుంటే హాలు దద్దరిల్లింది. సీన్ మరీ నిశ్శబ్దంగా ఉందని డైరెక్టర్ దానికి మోటారు చప్పుడు కలిపించాడు.