కాలబండి, కట్టెల మోపు

1945లో ఒక శుక్రవారం. నిజాం రాజ్యం కాబట్టి సిద్దిపేటలో బడికి సెలవు. నాగేశం పంతులు ఆ రోజుకు వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. పొద్దున గ్రంథాలయంలో తన కథ చదవడం, నలుగురి మెప్పు పొందడం, ఇంటికొచ్చి సుమిత్రమ్మ చేసిన జొన్నరొట్టెలు తినడం. మూడింటిలో మొదటి రెండే అనుకున్నట్టు జరిగాయి.

గ్రంథాలయంవాళ్లు చేత్తో రాసి ఊళ్లో తిప్పే పత్రిక కోసం రాసిన కథ అది. పేరు ‘కాలబండి’. అందులో నాయకుడు ఎడ్లు లేని బండెక్కి ఇరవై ఏళ్లు వెనక్కి వెళతాడు, జరిగినదాన్ని మార్చవచ్చో లేదో తేల్చుకోవడానికి. కొత్తగా కల్పించే ఓపిక లేక నాగేశం తన పెళ్లిచూపుల ముచ్చటనే అందులో దించేశాడు. అప్పట్లో అతనివాళ్లు చింతమడకలో వేరే పిల్లను చూడబోతుంటే, ఊరి మొదట్లోనే కట్టెల మోపు ఎదురొచ్చింది. అలాంటి శకునమైతే కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి కదలాలి కదా. దగ్గర్లో ఉన్న ఇంటి అరుగు మీద కూర్చున్నారు. ఆ ఇంటి పిల్ల చెంబుతో నీళ్లు తెచ్చింది. నాగేశం తల్లి చెంబును చూసింది, పిల్లను చూసింది, ఇక ముందుకు కదలనంది. ఆ పిల్లే సుమిత్రమ్మ.

కథలో నాయకుడు ఆ కట్టెల మోపును ఊరి బయటే కొనేస్తాడు. శకునం తప్పిపోతుంది. పెళ్లిచూపుల బండి ఎక్కడా ఆగకుండా ఆ వేరే పిల్ల ఇంటికే వెళ్లిపోతుంది. అతను తిరిగొచ్చేసరికి ఇంట్లో వేరే భార్య ఉంటుంది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ భార్య చేసిన రొట్టెలు దూదిలా ఉన్నాయంటూ నాగేశం ఒక పేజీ నింపాడు.

"మస్తుగుంది" అన్నాడు గ్రంథాలయ కార్యదర్శి విశ్వేశ్వర్. "ఒక్క కట్టె జరిగితే చరిత్ర మొత్తం కూలుతది. నేను మొదటి నుంచి చెప్తున్నది గదే."

అదే కథను నాగేశం పక్కింటి దర్జీ ముక్తార్ కూడా విన్నాడు. అతను ముందుగా ఇల్లు చేరి భార్య గులాబ్‌బీకి చెప్పాడు. ఆమె గోడ మీదుగా సుమిత్రమ్మకు చెప్పింది. గులాబ్‌బీ ఒక్క మాట కూడా కలపలేదు, అసలు చిక్కు అక్కడే వచ్చింది.

నాగేశం వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉంది. సుమిత్రమ్మ చీరలు మూట కడుతోంది. పుట్టింటి నుంచి చింతపండు తెచ్చిన బండి వాకిట్లోనే ఉంది. దానితో వచ్చిన ఆ ఇంటి పాతమనిషి, ముసలి బాలవ్వ అరుగు మీద కూర్చుని వక్క నములుతోంది.

"గది కథనే" అన్నాడు నాగేశం.

"కథనే, కాదన్ననా? కాలమంత తిరిగే బండి దొరికింది నీకు. కరువు ఆపచ్చు, గత్తర రోగం ఆపచ్చు. నువ్వు పోయి నా పెండ్లి ఆపినవ్."

ఈలోగా గోడ అవతల ఇంకో పొయ్యి ఆరింది. నీకు ఆ బండి దొరికితే ఎక్కడికి పోతావని గులాబ్‌బీ అడిగితే, ముక్తార్ అమాయకంగా నిజం చెప్పాడు. "మా అమ్మ చేతి బిర్యానీ ఒక్కసారి తినొస్త" అన్నాడు. అదే ప్రశ్నకు విశ్వేశ్వర్ తన ఇంట్లో తెలివిగా కాకతీయుల కొలువుకు పోతానన్నాడు.

"ఆరువందల ఏండ్ల దూరమా?" అంది అతని భార్య కౌసల్యమ్మ. "నేనంటే గంత యాష్టకొచ్చిందా?"

మధ్యాహ్నానికల్లా ఆ ప్రశ్న వీధంతా పాకింది. ఒక్క మొగుడూ గట్టెక్కలేదు. అందరూ ఖాళీ కడుపులతో నాగేశం మీదికి వచ్చారు.

"చరిత్ర మారదని రాయి" అన్నాడు విశ్వేశ్వర్.

"పొద్దుగాల మారుతదంటివి గద?"

"పొద్దుగాల సద్ది తిని ఉంటి."

నాగేశం అరుగు మీదే కూర్చుని ముగింపు మార్చాడు. సుమిత్రమ్మ మూటతో వాకిట్లోకి వచ్చేసరికి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. నాయకుడు కట్టెలు కొంటాడు. అయినా సరిగ్గా ఆ అరుగు ముందే బండి ఇరుసు విరుగుతుంది. అందరూ దిగుతారు, దాహమంటారు, ఆ పిల్లే నీళ్లు తెస్తుంది. సుమిత్రమ్మ లేని ఇంటిని పేజీ నిండా రాశాడు గాని, ఆ ఇంట్లో ఒక్క పూట ఉండటం తనవల్ల కాదని నాగేశానికి చదువుతుంటేనే తెలిసింది.

సుమిత్రమ్మ కాలు బండి దగ్గర ఆగింది. మాట్లాడింది మాత్రం బాలవ్వ.

"అంత మంచిగుంది అల్లుడా. గని నా మోపు ఎట్ల కొంటవ్? అవి అమ్మే కట్టెలు గావు."

"నీ మోపా?"

"నాదే. ఇంట్ల పొయ్యికాడి కట్టెలు నా నెత్తిన వెట్టి, మీ బండికి ఎదురుగ తోలింది ఈ పిల్లనే."

వీధంతా సుమిత్రమ్మ వైపు తిరిగింది. ఆమె మూట కింద పెట్టింది.

"మీరు చూడబోయిన పిల్ల నా జతది. ఈయన వద్దని ఒక్కటే ఏడుపు. శకునం చెడితే మర్లిపోతరనుకున్న. మా అరుగు మీదనే కూసుంటరని నాకేం ఎరుక?"

"అంటే చరిత్ర మారినట్టా, మారనట్టా?" అన్నాడు విశ్వేశ్వర్. ఎవరూ పట్టించుకోలేదు. గులాబ్‌బీ ముందు నవ్వింది, తర్వాత కౌసల్యమ్మ, తర్వాత వీధి వీధంతా. ఒక్కొక్క ఇంట్లో పొయ్యి రాజుకుంది.

నాగేశం కంచం ముందు కూర్చున్నాడు. ఎవరో పిల్ల తనను వద్దని ఏడ్చిందన్న మాట ఇరవై ఏళ్లు ఆలస్యంగానైనా గుచ్చుకుంది.

"నిజంగ ఆ బండి నీకు దొరికితే, బాలవ్వను ఆపుతవా?" అని మెల్లగా అడిగాడు.

సుమిత్రమ్మ రొట్టె తిప్పింది. ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది.

"బండి రానియ్యి, చూస్త."

నాగేశం చెయ్యి కడుక్కున్న వెంటనే కథలో కాలబండి చక్రాలు రెండూ ఊడదీశాడు.