డాక్టరుగారి ఆరు చక్రాల తొట్టి

ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. కాఫీ తాగడం, షెడ్డులోంచి బండి తీయడం, వీధి చివర కుడివైపు తిరిగి చెరువులోకి దింపడం, అవతలి గట్టు దాకా వెళ్ళి రావడం. టిఫిను వేళకు ఇంట్లో ఉండొచ్చు.

బండి అంటే మామూలు బండి కాదు. కింద ఆరు చక్రాలు, పైన పెద్ద తొట్టి. నేల మీద నడుస్తుంది, నీళ్ళ మీద తేలుతుంది. ఎవరో కోళ్ళను పెట్టుకున్న పాతదాన్ని కొనుక్కొచ్చి, రెండేళ్ళుగా ప్రతి సెలవురోజూ దాని కిందే పడుకున్నాడు. తుప్పు గీకాడు, గొలుసులు మార్చాడు, తొట్టికున్న చిల్లులన్నీ పిప్పిపళ్ళు పూడ్చినంత శ్రద్ధగా పూడ్చాడు. ఇంజను మొదటిసారి దగ్గిన రోజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పెళ్ళినాడు కూడా మనిషి అంతగా కదిలిపోలేదని భార్య ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

ఆవిడ ఓపిక నిన్నటితో అయిపోయింది. "ఇవాళ చెరువు దాటితే ఉంచుకోండి. లేకపోతే పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాను," అని తేల్చేసింది. అన్నట్టే ఆ పాత సామాన్లవాడు పొద్దున్నే ట్రాలీ ఆటో వేసుకొచ్చి, గేటు దగ్గర మర్యాదగా టీ తాగుతున్నాడు. అతన్ని చూసీ చూడనట్టు డాక్టరు బండిని వీధిలోకి తీశాడు.

"ఆ ఈత జాకెట్టు ఎందుకు? నా పని మీద నమ్మకం లేదా?" అన్నాడు భార్యతో.

"మీ పని రెండేళ్ళుగా చూస్తున్నాగా, అందుకే. మీరూ వేసుకోండి," అంది ఆవిడ.

అత్తగారు వెనక సీటెక్కి నగల పెట్టె ఒళ్ళో పెట్టుకుంది.

"అత్తయ్యగారూ, అది కూడా ఎందుకండీ?"

"ఇంటికి తాళం పెట్టి పోతున్నాం. దొంగలొస్తే?"

"బండి మునిగితే?"

"మునుగుతుందా!" అంటూ ఆవిడ దిగబోయింది. డాక్టరు బతిమాలి కూర్చోబెట్టాడు.

సరిగ్గా అప్పుడే ఎదురింటి రిటైరైన గుమాస్తా పళ్ళు తోముకుంటూ బయటికొచ్చాడు. ఆయన కంటికి కనబడ్డది ఇదీ: వీధిలో పడవ, అందులో ఈత జాకెట్లు తొడుక్కున్న డాక్టరు కుటుంబం, పెద్దావిడ ఒళ్ళో నగలు.

"డాక్టరుగారూ, ఏమిటిది? ఎక్కడికి?"

"ఇప్పుడు చెప్పే టైం లేదండీ!" అని డాక్టరు బండి కదిలించాడు.

ఈ బండికి స్టీరింగు ఉండదు, రెండు లివర్లు ఉంటాయి. కుడిది లాగితే కుడి చక్రాలు ఆగి, బండి కుడికి తిరగాలి. వీధి చివర డాక్టరు కుడిది లాగాడు. బండి ఎడమకు తిరిగింది. ఇంకా గట్టిగా లాగాడు. ఇంకా గట్టిగా తిరిగి, దర్జీ వాకిట్లోకి దూరి, అక్కడ ఆరేసిన బట్టల్ని తాడుతో సహా మెడకు చుట్టుకుని, బజారు వైపు దౌడు తీసింది.

"అల్లుడుగారూ, చెరువు వెనకుంది!"

"నాకు తెలుసండీ! బండికే తెలియట్లేదు!"

గుమాస్తాకు ఇక అనుమానం మిగల్లేదు. పడవ ఉన్నవాడే చెరువుకు దూరంగా పారిపోతున్నాడంటే గట్టు తెగినట్టే. "వరదండోయ్ వరద!" అని నోటినిండా నురుగుతో కేక పెట్టాడు. కాసేపట్లో వీధి వీధంతా మూటాముల్లె సర్దుకుని బండి వెనక పడింది. ఒకాయన టీవీ ఎత్తుకొచ్చాడు. దర్జీ అయితే కొలతలు తీయించుకుంటున్న మనిషిని టేపుతో సహా లాక్కొచ్చాడు. పాత సామాన్లవాడు మాత్రం ఏ కంగారూ లేకుండా, దొరికినవాళ్ళను ఆటోలో ఎక్కించుకుంటూ వెంట వచ్చాడు.

బజారు నడిమధ్య బండి గిరగిరా తిరిగి తిరిగి ఆగింది. అప్పుడు తట్టింది డాక్టరుకు.

"కేబుళ్ళు తారుమారు చేశానే!"

ఇరవై ఏళ్ళుగా ఆయన పళ్ళను చూసేది నోట్లో పెట్టే చిన్న అద్దంలోనే. అందులో తిరగబడి కనిపించినదాన్ని చెయ్యి దానంతటదే సరిచేసుకుంటుంది. బండి అడుగున పనంతా ఆ అద్దంతోనే చేశాడు. ఆఖర్న లివర్ల కేబుళ్ళ దగ్గర మాత్రం శ్రద్ధ ఎక్కువై, అద్దం పక్కనపెట్టి కళ్ళారా చూసి బిగించాడు. చెయ్యి అలవాటు కొద్దీ వాటిని కూడా సరిచేసింది.

"అయితే ఇప్పుడు తిరగేసి లాగండి," అంది భార్య.

లాగాడు. తిరగేయాలని అనుకోగానే, చెయ్యి దాన్ని కూడా తిరగేసింది. బండి వెళ్ళి పోస్టు డబ్బాను పలకరించింది.

"ఇక్కడే ఎక్కించమంటారా అమ్మగారూ?" అన్నాడు పాత సామాన్లవాడు వినయంగా.

డాక్టరుకు నిజంగానే ఏడుపొచ్చింది. రెండేళ్ళ కష్టం ఆటో ఎక్కబోతోంది. భార్య ఆయన ముఖం వైపు చూసింది. చూసి ఉండకపోతే కథ అక్కడితో అయిపోయేదే.

"జరగండి," అంది.

"నీకు రాదే!"

"మీకొచ్చిందా?"

ఆవిడ లివర్లు పట్టుకుంది. "కుడి! కుడి!" అని అరిచాడు డాక్టరు. పెళ్ళయిన నాటినుంచి ఆయన చెప్పినదానికి ఎదురు చేస్తూనే ఆవిడ ఇల్లు నిలబెట్టుకొచ్చింది. ఎడమది లాగింది. బండి బుద్ధిగా కుడికి తిరిగింది.

బండి చెరువు దారి పట్టడం చూసి గుమాస్తా బ్రష్షు పట్టుకున్న చేత్తోనే దణ్ణం పెట్టాడు. "వరదలోకే వెళ్తున్నారు, జనాన్ని కాపాడ్డానికి!" అన్నాడు. తన దారి తను చూసుకున్నాడని ఇంతసేపూ డాక్టరును తిట్టుకున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టి, మూటలతో సహా బండి వెనకే చెరువుకు పరుగెత్తారు.

చెరువు ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. బండి నీళ్ళలోకి జారి, ఒకసారి ఊగి, తేలింది. ఆరు చక్రాలూ నీటిని తోసుకుంటూ అవతలి గట్టు తాకి తిరిగొచ్చాయి. లోపల చుక్క తడి లేదు. డాక్టరు ఆనందం పట్టలేక అత్తగారి చేతులు పట్టుకుని ఊపేశాడు.

"వరదేదండీ?" ఒడ్డున గుమాస్తా నడుం మీద చేతులు పెట్టుకుని అడిగాడు.

"ఏ వరదండీ?"

"నా బట్టలేవి?" అన్నాడు దర్జీ. టీవీ మోసుకొచ్చినాయన టీవీ కింద పెట్టి చొక్కా చేతులు మడిచాడు.

డాక్టరు సంజాయిషీ చెప్పుకోవడానికి ఒడ్డున దిగాడు. ఆయన నోరు తెరిచేలోపే భార్య అందుకుంది. "ఊరికే అరవకండి. అందరికీ తలో చుట్టు తిప్పుతాను. వరసలో రండి."

అరుపులు ఆగిపోయాయి. అందరికంటే ముందు గుమాస్తా నిలబడ్డాడు.

"మరి నేను?" అన్నాడు డాక్టరు.

"వరస చివర," అంది ఆవిడ, కొంగు దోపుకుంటూ. ఆవిడ కళ్ళలో అంత వెలుగు డాక్టరు ఏనాడూ చూడలేదు. బండి దక్కిందో, చేజారిందో ఆయనకు అర్థం కాలేదు.

పాత సామాన్లవాడు నీటి అంచు దాకా వచ్చాడు. "అమ్మగారూ, పొద్దున్నే రమ్మన్నారు. ఖాళీ ఆటోతో ఎలా పోను?"

"బండి ఇవ్వను. కావాలంటే ఆయన్ని తీసుకెళ్ళు."

అతను డాక్టరును పైనుంచి కిందిదాకా తీరిగ్గా చూసి, ఖాళీ ఆటోతోనే వెళ్ళిపోయాడు.