రేపటి అక్షరానికి తలకట్టు ఎందుకు?

చదవడానికి వీలైన అక్షరం వెనకబడిన అక్షరం. ఈ మాట నేను పూర్తి స్పృహలో ఉండి, కళ్ళజోడు తుడుచుకుని మరీ అంటున్నాను.

ఎవరికి కోపం వచ్చినా సరే. ఇన్నాళ్ళూ అక్షరాన్ని చదవడానికి మాత్రమే వాడుకుని దాన్ని ఎంత చులకన చేశామో తలుచుకుంటే నాకు సిగ్గేస్తోంది. అక్షరమన్నది చూసి మురిసిపోవలసిన వస్తువు. చదవడమంటారా, అది పనిలేనివాళ్ళ పని!

నమ్మరా? అయితే రాబోయే కాలం గురించి తీసిన సినిమా ఏదైనా పెట్టుకుని చూడండి. ఇది రేపటి కథ అని మీకు ఎలా తెలుస్తుంది? రాకెట్టు వల్లనా? రాకెట్లు ఇప్పుడూ ఉన్నాయి. వెండిరంగు బట్టల వల్లనా? మా తోడల్లుడు పెళ్ళిళ్ళకి అలాంటివే వేసుకొస్తాడు. తెర మీద మొదటి అక్షరం పడగానే తెలిసిపోతుంది! మూలలు కోసేసి, మధ్య గీత చెరిపేసి, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా వదిలి, వెనక నుంచి కాస్త నీలం వెలుగు కొట్టారంటే అది ఖాయంగా రేపే. ఎల్లుండి కావాలంటే ఇంకో గీత తీసేస్తారు.

అంటే ఏమిటన్నమాట? మనవాళ్ళు ముందు ముందు చుక్కల మధ్య ఊళ్ళు కడతారు, ముసలితనాన్ని ఆపేస్తారు, కానీ ఒక్క అక్షరాన్ని పూర్తిగా రాసే ఓపిక మాత్రం వాళ్ళకి ఉండదు. నాకైతే ఇందులో వింతేమీ లేదు. మా అబ్బాయికి ఆ ఓపిక ఇప్పుడే లేదు.

ఇంకో సంగతి గమనించారా? ఆ సినిమాల్లో ఏ గోడ చూసినా రాతలే, ఒక్కడూ ఆగి చదవడు! కెప్టెన్ గారు గబగబా నడుచుకుంటూ పోతారు, తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. ఏ తలుపు ఎక్కడికి పోతుందో ఆయనకి ముందే తెలుసు. ఆ రాతలన్నీ టికెట్టు కొనుక్కుని చీకట్లో కూర్చున్న మనకోసం. మనం వాటిని చదవక్కర్లేదు, అబ్బో అనుకుంటే చాలు.

ఇంత సుఖం తెర మీదే ఎందుకు ఉండిపోవాలి? మా అదృష్టం కొద్దీ అది మా వీధిలోకి కూడా దిగింది.

మొదట మా టైలరు తన బోర్డుని రేపటి ఫాంట్‌లోకి మార్పించాడు. మర్నాటి నుంచి జనం పగిలిన ఫోన్లు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. అలాంటి అక్షరాలున్న కొట్టులో బట్టలు కుడతారని ఎవరనుకుంటారు? కొన్నాళ్ళు అందరికీ నచ్చజెప్పి చూశాడు. నోరు నొప్పెట్టింది గానీ జనం తగ్గలేదు. చివరికి ఫోన్లు బాగుచెయ్యడమే నేర్చుకున్నాడు. నా ప్యాంటు ఇక ఎక్కడ కుట్టించుకోవాలో తెలియదు, పోనివ్వండి, ఒక మనిషికి కొత్త విద్య వచ్చింది కదా!

తర్వాత మా మేనల్లుడి పెళ్ళి శుభలేఖ. అది కూడా ఆ అక్షరాల్లోనే వేయించాడు. సగం మందికి తేదీ అర్థం కాలేదు. వచ్చిన సగంలో కొంతమంది పక్క హాల్లోకి వెళ్ళి, ఎవరో పెళ్ళికూతుర్ని ఆశీర్వదించి, భోజనం బాగుందని మెచ్చుకుని వెళ్ళిపోయారు. బంధువుల మీద మా బావగారికి అంత సదభిప్రాయం కలిగిన పెళ్ళి మా వంశంలో ఇంకోటి లేదు.

నేను మాత్రం ఊరుకుంటానా? మా వంటింటి డబ్బాల మీద పేర్లన్నీ రేపటి తరహాలో రాసి అంటించాను. మా ఆవిడ ఇప్పుడు ప్రతి డబ్బా మూత తీసి వాసన చూస్తోంది. ఆమె ముక్కుకి ఇంత పనితనం ఉందని మా ఇద్దరికీ ఇన్నాళ్ళూ తెలియదు. నాతో మాట్లాడటం కూడా తగ్గించింది, అది వేరే లాభం.

ఇక్కడ మన అక్షరాల గురించి ఒక మాట చెప్పుకోవాలి. పాపం, అవి పుట్టుకతోనే గుండ్రం. ఎక్కడ చూసినా వంపులూ సున్నాలూ సుడులే. గుండ్రంగా ఉన్నదేదీ భవిష్యత్తులోకి అడుగుపెట్టలేదని డిజైనర్ల నమ్మకం. చంద్రుడి సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు. అందుకని ఒక్కో అక్షరాన్నీ పట్టుకుని నలుచదరంగా సాగ్గొడతారు. పొట్టలో చుక్క తీసేస్తారు. నెత్తిన తలకట్టు పీకేస్తారు. తలకట్టు లేని అక్షరం నున్నగా గుండు కొట్టించుకున్న మావయ్యలా ఉంటుంది. ఎక్కడో చూసిన మొహమే అనిపిస్తుంది, ఎవరో మాత్రం తేలదు.

ఇన్ని మెట్లు ఎక్కిన రేపు, శిఖరం చేరుకున్నది మాత్రం మా పేట కంటి ఆసుపత్రిలో.

ఆ ఆసుపత్రి పెట్టిన పెద్ద డాక్టరుగారు విశ్రాంతి తీసుకుని కుర్చీ కొడుక్కి అప్పగించారు. చిన్న డాక్టరు మంచివాడు, హస్తవాసి ఉన్నవాడు. అంతరిక్షం సినిమాలంటే మాత్రం ప్రాణం పెడతాడు. రోగి గుమ్మం దాటగానే రేపట్లో కాలు పెట్టినట్టు ఉండాలన్నది ఆయన ఆశయం. ఒక డిజైనరుని పిలిపించాడు. గోడలకి వెండిరంగు వేశారు, మెట్ల కింద నీలం లైట్లు పెట్టారు, గదిగదికీ రేపటి ఫాంట్‌లో బోర్డులు తగిలించారు. ప్రారంభోత్సవం రోజున ఆ డిజైనరుని పక్కకి పిలిచి, జనం ఇవి చదవగలరా అని అడిగాను. నా వైపు జాలిగా చూశాడు.

"చదవడం కాదు సార్, ఫీలవ్వాలి" అన్నాడు.

ఫీలయ్యాం. లిఫ్టుకి వేలాడుతున్న బోర్డు మీద ఉన్నది లిఫ్టు పేరేమో అనుకుని చాలామంది తలుపు ముందే నిలబడిపోయారు. అలా నిలబడి నిలబడి కొందరు మంచి స్నేహితులయ్యారు. తర్వాత తెలిసింది, అందులో రాసున్నది "పని చేయడం లేదు" అని! బాత్రూముల మీద ఆడ, మగ బొమ్మలకి బదులు రెండు గొట్టాలు గీశారు, ఒకటి కాస్త పొడుగు. చూపు మందగించినవాళ్ళు వచ్చే చోట ఇంతకన్నా సమానత్వం ఏముంటుంది? వాళ్ళకీ కళ్ళున్నవాళ్ళకీ తేడా లేకుండా చేసేశారు!

అక్కడితో ఆగితే అది సగం పురోగతి. అన్నీ ఒకే తీరులో ఉండాలన్నాడు డిజైనరు. కాబట్టి పరీక్ష గదిలో గోడకి వేలాడే చార్టు కూడా మార్చేశారు. అదేనండీ, పైన పెద్ద అక్షరాలు, కిందికి పోనుపోను చిన్నవి. పాత చార్టు సామాన్ల గదిలోకి వెళ్ళిపోయింది, కొత్త చార్టు రేపటి ఫాంట్‌లో గోడకెక్కింది. చూపుందో లేదో తేల్చే అక్షరాలనే ఎవరికీ అంతుపట్టకుండా చెయ్యడం సామాన్యుడికి తట్టే ఊహ కాదు! చూస్తుండగానే మా పేటలో సగం మందికి కళ్ళజోళ్ళు వచ్చాయి. మా ఆవిడకీ వచ్చింది. అది పెట్టుకుంటే నేను మసగ్గా కనిపిస్తున్నానని సంతోషంగా చెప్పింది.

ఇంత మంచి జరుగుతున్న చోటికి మా అక్క వెళ్ళింది.

మా అక్క బస్సు డ్రైవరు. పేటలో అందరూ హారన్ అక్క అంటారు. నిజానికి ఆమె హారన్ కొట్టేది చాలా తక్కువ, ఎందుకంటే అన్నీ ముందే చూసేస్తుంది. మలుపు అవతల నిలబడ్డవాళ్ళు చెయ్యెత్తుదామా వద్దా అని ఆలోచిస్తుండగానే ఆమె కాలు బ్రేకు మీదకి వెళ్ళిపోతుంది. ఏటా కంటి పరీక్ష చేయించుకుని కాగితం తెస్తేనే డిపోవాళ్ళు బండి చేతికిస్తారు. అందుకని వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. పరీక్ష చేసే అమ్మాయి ఒక కన్ను మూయించి, పుల్లతో మొదటి అక్షరం చూపించింది. పళ్ళెమంత ఉందట.

"పెట్టె" అంది మా అక్క.

రెండోది చూపించింది.

"ఇదీ పెట్టే."

"దీని పక్కది?"

"అదీ పెట్టే. మూత తీశారు."

ఏ అద్దాలు పెట్టి చూసినా పెట్టెలే కనక, దూరపు చూపు లేదు, పెద్ద బళ్ళు నడపకూడదని ఆ అమ్మాయి కాగితం మీద రాసేసింది. చేత్తో రాసింది కనక డిపోవాళ్ళకి చప్పున అర్థమైపోయింది. మా అక్కని ప్రయాణికులు మరిచిపోయిన సామాన్లు దాచే గదిలో కూర్చోబెట్టారు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, జత తప్పిన చెప్పులు. కళ్ళు ఇలాగే ఉంటే ఇక రిటైరయ్యేదాకా అక్కడే అన్నారు. ఎండ లేదు, గుంటలు లేవు, ఎవరూ దిగుతూ తిట్టరు. ఇంతకంటే ఏం కావాలి? ఆ మాటే ఆమెతో అన్నాను.

"నాకు నిజంగానే కళ్ళు పోయాయంటావురా?" అంది.

ఆ ప్రశ్న నాకు నచ్చలేదు. మా అక్క నన్ను అనుమానించింది, మా బావని అనుమానించింది, తన కళ్ళని ఎప్పుడూ అనుమానించలేదు. ఇంట్లో ఈ గోడకి ఆనుకుని నిలబడి ఆ గోడ మీద క్యాలెండరు చదువుకునేది. తప్పు లేకుండా చదివేది, అయినా నమ్మకం కుదిరేది కాదు. అలవాటు కొద్దీ వచ్చేస్తోందేమో అనేది. ఆసుపత్రి మాట ముందు ఇంటి క్యాలెండరు మాట ఎవరు వింటారు? కుర్రవాళ్ళకి అర్థం కాకపోతే అది డిజైన్ అట, వయసైనవాళ్ళకి అర్థం కాకపోతే చూపు పోయినట్టట! ఒకరోజు రోడ్డు దాటుతూ ఆమె నా చెయ్యి పట్టుకుంది. నాకు చాలా బాధేసింది. ఈ కాలమ్‌లో బాధపడకూడదని నేను పెట్టుకున్న నియమం, క్షమించాలి.

మళ్ళీ ఒకసారి చూపిద్దామని నేనే తోడు తీసుకెళ్ళాను. ఈసారి చిన్న డాక్టరే స్వయంగా చూశాడు. పెట్టెలు అలాగే ఉన్నాయి. వయసు మీద పడుతోంది కదా, మనసుకి పెట్టుకోవద్దని ఎంతో మెత్తగా చెప్పాడు. మా అక్క లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. అక్కణ్ణించి చూస్తే నడవా అంతా పొడుగ్గా కనిపిస్తుంది. ఆ చివర క్యాష్ కౌంటరు.

"ఫీజు ముందుగా ఇక్కడ చెల్లించవలెను" అంది.

మేమిద్దరం ఆమె మొహంలోకి చూశాం. ఆమె మాతో మాట్లాడటం లేదు, చదువుతోంది.

"చెల్లించిన ఫీజు తిరిగి ఇవ్వబడదు. కింద చిన్నగా ఇంకోటుంది. చిల్లర తెచ్చుకుని సహకరించగలరు."

నేను నడవా చివరిదాకా నడిచి వెళ్ళాను. ఆ చిన్న వరస దగ్గరికెళ్తే గానీ నాకు కనబడలేదు. ఆమె చెప్పినదాంట్లో అక్షరం పొల్లుపోలేదు. నల్ల రేకు మీద తెల్లగా, గుండ్రంగా, తలకట్లతో సహా ఉంది, పెద్ద డాక్టరుగారి కాలం నాటి బోర్డు.

వెనక్కొచ్చి చిన్న డాక్టరుని అడిగాను, ఆసుపత్రంతా రేపట్లోకి వెళ్ళిపోతే ఆ ఒక్క బోర్డూ నిన్నలో ఎందుకుండిపోయిందని. పాపం, ఆయనకి అబద్ధమాడటం రాదు.

"మొదట అదీ మార్చామండీ" అన్నాడు. "ఎవరికీ అర్థం కాక ఫీజు కట్టకుండానే వెళ్ళిపోయేవారు. అందుకని నాన్నగారి బోర్డే మళ్ళీ పెట్టించాం."

అనేసి, తన మాట తనకే అప్పుడు వినబడినట్టు ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. పరీక్ష చేసే అమ్మాయిని ఆసుపత్రి సామాన్ల గదికి పంపించాడు. పాత చార్టు దుమ్ము దులిపి తెచ్చి తగిలించారు. మా అక్క పై వరస నుంచి కింది వరస దాకా గుక్క తిప్పుకోకుండా చదివేసింది. ఎవరూ అడక్కపోయినా అడుగున అచ్చువేసినవాళ్ళ పేరు కూడా చదివింది. ధ్రువపత్రం మడిచి చేతిసంచిలో పెట్టుకుని, బయటికొచ్చి, నా చెయ్యి పట్టుకోకుండా రోడ్డు దాటేసింది. ఇవతల మిగిలిపోయింది నేనే.

ఇదంతా చూశాక నేను అభిప్రాయం మార్చుకున్నానని మీరనుకుంటే పొరపాటు! నేను ఇప్పటికీ రేపటి అక్షరాల పక్షమే. మాకు చెప్పవలసినవన్నీ పెట్టెల్లో పెట్టి, మా దగ్గర పుచ్చుకోవలసినది మాత్రం గుండ్రంగా రాసే ఆ పద్ధతి ఒక్కటే నాకు కొంచెం అర్థం కాలేదు. అందుకని అయ్యా డిజైనర్లూ, మీకు నాదొక విన్నపం. ఈసారి భవిష్యత్తుని తెచ్చేటప్పుడు క్యాష్ కౌంటరు దగ్గర మొదలుపెట్టండి. ముందు ఫీజు బోర్డు మూలలు కోయండి, దాని తలకట్లు పీకండి, నీలం లైటు వెయ్యండి. అది ఒక్క నెల అలాగే నిలబడితే, పెట్టెలు చదవడం మేమూ నేర్చుకుంటాం.