పుస్తకం తెరిచినవాళ్లకు పని చెప్పరాదు

ఆ ఉదయం గొడవ కుక్కర్ దగ్గర మొదలైంది. వంట త్వరగా ముగించుకుందామని కుక్కర్ పెట్టి, బట్టలు ఆరేయడానికి మేడెక్కిన పెద్దకోడలు దిగివచ్చేసరికి అది ఏడో కూత కూస్తోంది. స్టవ్‌కు నాలుగడుగుల దూరంలో, కిటికీ పక్క బల్ల దగ్గర, మరిది పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదువుతున్నాడు.

"నాలుగడుగులేసి స్టవ్ కట్టెయ్యకూడదటయ్యా?"

"విధి నిర్వహణ మీద పాఠం చదువుతున్నా వదినా."

"వాణ్ణి కదపకమ్మా, ఆఫీసరు కావలసినవాడు," అంది అత్తగారు, కొడుక్కి రెండో టీ అందిస్తూ. పుస్తకం తెరిచినవాళ్లకు పని చెప్పకూడదన్నది ఆవిడ పెట్టిన చట్టం. మూడేళ్లుగా దానివల్ల లాభపడింది ఒక్కడే.

పెద్దకోడలికి కడుపు మండిపోయింది. అదే సబ్జెక్టులో ఆమె కాలేజీ ఫస్టు. వయసు పరిమితి చూసుకుంటే మరిది చదువుతున్న ఆ ఆఫీసరు పరీక్ష రాయడానికి ఆమెకు ఈ ఏడే ఆఖరు. ఆ మాటెత్తితే, ఇంటిపని ఎవరు చేస్తారన్నారు. ఇక ఊరుకోలేదు. పెట్టె అడుగునుంచి పాత నోట్సు తీసి, దుమ్ము దులిపి, మరిదికి ఎదురుగా కూర్చుంది. చట్టం చట్టమే కదా! అత్తగారు మూతి ముడుచుకుని ఆమెకూ టీ ఇచ్చింది.

ఆ టీ చూసి భర్తకు కన్నుకుట్టింది. "నాకూ ప్రమోషన్ పరీక్ష ఉంది," అంటూ ఆఫీసుకు సెలవు పెట్టి కూర్చున్నాడు. రిటైరైన మామగారు తానెందుకు తగ్గాలని రైల్వే టైమ్‌టేబుల్ విప్పారు. ఒళ్లు మండిన అత్తగారు కళ్లజోడు పెట్టుకుని పాత వారపత్రిక తెరిచింది.

గ్యాస్ బండ తెచ్చినవాడు తలుపు కొట్టి కొట్టి వెళ్లిపోయాడు. మోటారు ఎవరూ ఆపలేదు. ట్యాంకు పొంగి, నీళ్లు మెట్లమీదుగా కింది వాటాలోకి దిగాయి. కిందింటావిడ తడిచీపురుతో పైకొచ్చింది.

"ఈ ఇంట్లో మనుషులున్నారా?"

"ఉన్నాం, చదువుకుంటున్నాం," అన్నారు మామగారు.

ఆవిడ చీపురు విదిలించిన విసురుకు మరిది చేతిలో పుస్తకం జారింది. అందులోంచి పరీక్ష దరఖాస్తు పడింది. పెద్దకోడలు తీసి చూసింది. ఒక్క అక్షరం రాసి లేదు. గడువు ఆ సాయంత్రం ఐదింటికి.

మూడింటికి అందరూ పొద్దుటి మాడిన అన్నం ముందు కూర్చున్నారు. ఆమె ఆ కాగితం మరిది కంచం పక్కన పెట్టింది.

"నింపలేదేం?"

అతను ముద్ద మింగాడు. "నింపితే రాయాలి. రాస్తే తప్పుతాను. తప్పితే ఈ బల్లా, ఈ టీలూ ఉండవు కదా వదినా!"

అత్తగారు కొడుకునీ, మాడిన అన్నాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఇంకా రెండు గంటలుంది. ఆ కాగితం నువ్వు నింపుకో అమ్మా. బల్ల నీది. రేపట్నుంచి వంట వీడిది."

మర్నాడు కుక్కర్ కూతల మధ్య మరిది వంటింట్లోంచి బల్లకేసి చూసిన చూపు పెద్దకోడలికి బాగా తెలుసు. మూడేళ్లుగా అది ఆమెదే.