కంచె దాటిన సలహా

తోటపని జ్ఞానమంతా కంచెల మీదుగా వృథాగా పోతోందని చింతామణి తాలూకాలోని మా ఊరి తోట సంఘం కనిపెట్టింది. పక్క చేనామెను ఒకరు అడగడం, ఆమె చెప్పేయడం, అక్కడితో అయిపోవడం. మిగతా ఊరికి ఏం లాభం? అందుకే అధ్యక్షుడు పురుషోత్తమ్ నిబంధన తెచ్చాడు. సలహా ఏదైనా వాట్సాప్ గ్రూపులోనే అడగాలి, సంఘం సమితి అనుమతించాకే చెప్పాలి. (శుభోదయాలకు అనుమతి అక్కర్లేదు.) కంచె మీద చెప్పినవాళ్ల సభ్యత్వం రద్దు. సభ్యత్వం పోతే సంఘం నారు ఇవ్వదు.

మంచు బాగా పట్టిన రోజుల్లో వనజమ్మ టమాటా ఆకులకు నల్లమచ్చలు వచ్చాయి. పక్క చేను చిక్కమ్మ పంటకు నిరుడు ఇదే తెగులు తగిలింది, ఆమె దాన్ని దక్కించుకుంది కూడా. వనజమ్మ కంచె దగ్గరికి వచ్చి, ఏం చేయాలక్కా అని అడిగింది.

"నాకు తెలుసు వనజా. చెప్పేకి లేదు. గ్రూపులో అడుగు," అంది చిక్కమ్మ, ఆ ఆకుల వైపు చూడకుండా.

వనజమ్మ ఫొటో పెట్టింది. సమితి సభ్యుడు ధనుంజయ వెంటనే స్పందించి, టమాటా పండ్ల ఉపసమితికి వస్తుందా, కూరగాయల ఉపసమితికా అని అడిగాడు. దీని మీద సభ జరిగింది. రెండువైపులా వాదనలు బలంగా ఉండటంతో వాయిదా పడింది. పురుషోత్తమ్ వనజమ్మకు ధైర్యం చెప్పాడు.

"మీ ప్రశ్న శానా బాగుండాదమ్మా. తొందరపడి జవాబు చెప్పి దాన్ని చెడగొట్టగూడదు."

ఆమె సభ నుంచి తిరిగొచ్చేసరికి మచ్చలు సగం చేనుకు పాకాయి. గట్టు మీద కూర్చుని ఏడ్చింది. గ్రూపులో కాకుండా నేరుగా ఏడ్చింది కాబట్టి చిక్కమ్మకు వెంటనే వినబడింది.

చిక్కమ్మ కంచె దాటి వచ్చింది. ఒక్క మాట మాట్లాడకుండా తెగులు తగిలిన మొక్కలు పీకడం మొదలుపెట్టింది. నిబంధన చెప్పడం గురించే గానీ చేయడం గురించి కాదు. వనజమ్మ ఆమెను చూసి తానూ పీకింది. పీకినవన్నీ దూరంగా తగలబెట్టారు. నిరుడు మిగిలిన మందు తెచ్చి చిక్కమ్మ మిగతా చేనుకు కొట్టింది. పోయేటప్పుడు మాత్రం, "రొంత కాఫీ పెట్టు," అంది.

సగం చేను దక్కింది.

సంఘం విచారణకు పిలిచింది. "నేనేమీ చెప్పలేదప్పా, పీకినాను," అంది చిక్కమ్మ. పీకడం కూడా ఒక రకమైన చెప్పడమేనని సమితి తేల్చి ఆమె సభ్యత్వం రద్దు చేసింది. వనజమ్మ పంట మీద తీర్మానం కూడా ఏకగ్రీవమే. చచ్చిన సగం నిబంధనల ప్రకారమే చచ్చిందనీ, బతికిన సగం మాత్రం అనుమతి లేకుండా బతికిందనీ.