ఐదు గళ్ళ గట్టిమాట

ఆ గురువారం పొద్దున రైఖాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పేపరు రాగానే మామగారి చేతికివ్వాలి. ఆయన ఎప్పటిలాగే పాలచాయ్ తాగుతూ పదకేళి నింపుతుంటే తను ఏమీ ఎరగనట్టు పొయ్యి దగ్గర బౌర్సాకులనే పిండి ఉండలు వేయిస్తూ నిలబడాలి. పదకేళి కింద ఉన్న పేరు చదివి ఆయన తలెత్తాలి, అంతే. ఆ పేరు తనదే. తరాజ్ ఊరి వారపత్రికకు ఆరేళ్ళుగా పదకేళులు కట్టి పంపుతుంటే, సంపాదకుడు కువానిష్ ఇన్నాళ్ళకు ఒకటి అచ్చేశాడు. ఇది బాగుంటే ప్రతివారం ఆ మూల నీదేనని మాట కూడా ఇచ్చాడు.

మామగారి పేరు తెమిర్. అంటే ఇనుము. మనం అనొచ్చు, మనం ఆయన కోడళ్ళం కాదు. కజాఖుల ఇళ్ళలో కోడలన్నది మామగారి పేరు పలక్కూడదు, ఆ పేరే ఏ వస్తువుకైనా ఉంటే ఆ వస్తువునూ పేరుపెట్టి పిలవకూడదు. కొడవలి అనే పేరున్న మామగారు దొరికితే పెద్ద బాధ లేదు, కోతలప్పుడే ఇబ్బంది. రైఖాన్‌కు దొరికింది ఇనుము. బకెట్టు ఇనుము, గేటు ఇనుము, మంచం ఇనుము. మొగుడు పనిచేసేది రైల్వేలో, దాన్ని అక్కడ అనేదే 'తెమిర్ దారి' అని. అందుకని పెళ్ళైన మర్నాటి నుంచీ ఆమె ఇనుమును 'ఖట్టి' అంటోంది, అంటే గట్టిది. గట్టి బకెట్టు, గట్టి గేటు. మీ ఆయనెక్కడమ్మా అంటే గట్టిదారి మీద. అలవాటు ముందు నోటికి పట్టింది, తర్వాత చేతికీ పట్టింది.

మామగారు గిన్నెలో చాయ్ చల్లారేలోగా గళ్ళన్నీ నింపేసి, కింద పేరు చదివి, "పర్లేదే" అన్నాడు. ఆయన నోట అది సన్మానం కిందే లెక్క. రైఖాన్ ఇంకా మురిసిపోతూ ఉండగానే ఫోను మోగింది. పిండి చేతులతో స్పీకరు నొక్కింది.

"ఏమమ్మా, నా కొంప ముంచావు కదా," అన్నాడు కువానిష్. "పొద్దున్నించీ ఒకటే ఫోన్లు. 'రైలు పట్టాలు దీంతో చేస్తారు, ఐదు గళ్ళు' అన్నావు. ఊరంతా ఏం రాస్తుంది? తెమిర్. అది రాస్తే నిలువు మాటలన్నీ తప్పిపోతున్నాయి. మంగలి షాపులో ఇద్దరు కలబడ్డారంట. బడిలో టీచర్లు పాఠాలు మానేసి పోట్లాడుకుంటున్నారు. అసలు నువ్వేం రాసి చచ్చావు?"

"ఖట్టి," అంది రైఖాన్. అన్నాక నాలిక కరుచుకుంది. దురదృష్టం కొద్దీ కజాఖు రాతలో రెండు మాటలకీ ఐదేసి అక్షరాలు.

"పట్టాలు గట్టిదాంతో చేస్తారా? మరి రొట్టెలు మెత్తదాంతో చేస్తారా?"

తప్పు తనదే, తెలుస్తూనే ఉంది. అయినా ఒళ్ళు మండింది. "అచ్చేసే ముందు మీరోసారి నింపి చూడలేదా, అగాయ్?"

"నాకదొక్కటే పనా?"

"మరి ఇన్నేళ్ళూ బాగాలేదని తిప్పి పంపినవి? అవీ నింపకుండానే పంపారా?"

అవతల కువానిష్ దగ్గు తెచ్చుకున్నాడు. ఒక్కో గడికోసం తను తల బద్దలు కొట్టుకుంటే, ఈ పెద్దమనిషి వాటిమీద పెన్నయినా పెట్టలేదన్నమాట.

తప్పున్నవాడికే గొంతెక్కువ. "మధ్యాహ్నంలోగా దిద్దుబాటు కావాలి," అని అరిచాడు కువానిష్. "సరైన జవాబిదీ, పొరపాటు నాదీ అని రాసి సంతకం పెట్టు. లేదా ఆ మూల రాశిఫలాలకిచ్చేస్తా. ఏదీ, జవాబు చెప్పు."

"అదే, మీరు ఇందాక అన్నది."

"చాలా అన్నాను. నోరు తెరిచి చెప్పు."

"పట్టాలు చేసేది. అయస్కాంతానికి అంటుకునేది."

"మళ్ళీ పొడుపుకథలా? ఇంట్లో మాటలొచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే ఫోనివ్వు."

ఉన్నది ఒక్కరే. రైఖాన్ పళ్ళు బిగబట్టి, "అతా, మీకే," అని మామగారి ముందు పెట్టింది.

"ఎవరండీ మాట్లాడేది?" అన్నాడు కువానిష్.

"తెమిర్."

"జవాబు సరే, మీ పేరు?"

"తెమిర్ అంటున్నాగా."

"ఆ ముక్క నాకూ తెలుసయ్యా. మిమ్మల్ని ఏమని పిలుస్తారూ అని."

"చెవుడా నీకు? తెమిర్, తెమిర్."

"ఇంటిల్లిపాదీ కలిసి నన్ను ఆడిస్తున్నారా?"

"నిన్ను ఆడించడానికి నువ్వేమన్నా పసిపిల్లాడివా?" ముసలాయనకూ ఎక్కింది. "పదకేళికేం రోగం? నేను మొత్తం నింపాను. పట్టాలు చేసేది ఖట్టి."

"ఎక్కడ చేస్తారు?"

"మా ఇంట్లో చేస్తారు. జన్మంతా రైల్వేలో పనిచేశాను, నాకు చెప్పొచ్చావా?"

అనేసి ఆగిపోయాడు. ఒకసారి పేపరు కేసి, ఒకసారి గేటు కేసి, ఒకసారి కోడలి కేసి చూశాడు. విని విని ఆ మాట ఆయనకూ అంటుకుంది. తన పేరు మీద ఉన్న వస్తువును తనే కోడలి మాటతో పిలుస్తున్నాడని ఆ పొద్దునే తెలిసింది.

"దిద్దుబాటు వస్తుంది. ఆ మూల ఇంకెవడికైనా ఇచ్చావో, నేనే వస్తాను," అని ఫోను పెట్టేశాడు. తర్వాత రైఖాన్‌తో, "రాయి తల్లీ. నా పేరేగా, రాస్తే అరిగిపోదు. ఇకమీద అను కూడా," అన్నాడు.

రైఖాన్‌కు కళ్ళు చెమర్చవలసింది. మండిపోయాయి. ఒక్క ముక్కతో తేలిపోయేదాన్ని ఇన్నేళ్ళు తన నెత్తిన ఎందుకు మోయించినట్టు? ఈ మాటేదో గడపలో అడుగుపెట్టిన నాడే అనొచ్చు కదా. అనుమతి ఆయనది, అరిగిపోయింది మాత్రం తన నోరు. కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి 'తెమిర్' అని రాసింది, సంతకం పెట్టింది. ఆ కోపం చల్లారకముందే పై వారం పదకేళి కూడా కట్టేసింది. కువానిష్ ఈసారి ప్రతి గడీ నింపి చూసుకుని మరీ అచ్చేశాడు.

అందులో మొట్టమొదటి ఆధారం ఇది: 'పనేమీ చెయ్యకుండా ఇంట్లో పడుంటే తుప్పు పట్టేది, ఐదు గళ్ళు.'

ఊరంతా క్షణంలో నింపేసింది, తెమిర్ గారికి మాత్రం ఆ ఒక్కటీ ఎంతకీ తట్టలేదట.